మాది అనేవారు లేని యంత్రం

దర్జీల వీధిలోకి నది రెండోసారి పొంగి వచ్చిన మరుసటి ఏడాది జరిగింది ఇది. మొదటి వరదనాటికి నేను ఆనకట్ట మీద తలుపులు ఎత్తే పనిలో ఉన్నాను. అప్పుడు వీధిలో మోకాలి లోతే వచ్చింది. రెండోది నా తమ్ముణ్ణి తీసుకుపోయింది.

నా చదువు మూడో తరగతితో సరి. మా అమ్మాయిది కంప్యూటర్ల ఉద్యోగం. కంపెనీలకీ సర్కారు ఆఫీసులకీ పని చేసిపెట్టే యంత్రాలు వేలకు వేలు ఒకే చోట నడుస్తుంటాయట. వాటికయ్యే ఖర్చూ కరెంటూ తగ్గించడం ఆమె పని. దాని మీదే ఒక పెద్ద సభలో ముఖ్య ఉపన్యాసం ఇమ్మన్నారు. నన్నూ మరదల్నీ రమ్మంది. మరదలంటే నా తమ్ముడి భార్య. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మాయిని పెంచింది ఆమే.

సభ జరిగే భవనం మెట్ల మీద మరదలు ముందు నడుస్తోంది. అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"నాన్నా, ఆ రోజు బాబాయికి వరద కబురు రాలేదు."

"తెలుసు. ఫోనులో చార్జింగు లేదు."

"అది కాదు. కబురు అసలు బయల్దేరలేదు. పంపే యంత్రాన్ని మేమే ఆపేశాం. ఆపమని సంతకం పెట్టింది నేనే. దాని పేరు ఉత్త అంకెలు నాన్నా, నదిదని రాసి లేదు. నాకూ మొన్నీమధ్యే తెలిసింది."

నేను పై మెట్ల మీదున్న మరదలి వైపు చూశాను.

"ఇవాళ స్టేజీ మీద చెప్పేస్తాను. నది మాట ఎత్తొద్దని మా పెద్దసారు గట్టిగా చెప్పాడు. అయినా చెప్తాను. పిన్ని వినాలి."

పిన్ని ఎందుకు వినాలో నాకు తెలుసు. నది పెరిగితే పూర్వం మేం సైరను మోగించేవాళ్ళం. తరవాత దాన్ని తీసేసి, ఫోన్లకు కబురొచ్చే ఏర్పాటు చేశారు. తమ్ముడి ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, ఒకటే ప్లగ్గు. ఆ రోజు పొద్దున మరదలు ఫోను తీసేసి ఇస్త్రీపెట్టె పెట్టింది. ఇస్త్రీ అయిన బట్టలు తీసుకుని మెరక వీధికి ఇచ్చిరావడానికి వెళ్ళింది. తమ్ముడు కుట్టుమిషను మీద ఉన్నాడు. పక్కింటాయన వచ్చి నీళ్ళు లేస్తున్నట్టున్నాయి పదమంటే, "ఫోను మోగలేదుగా, ఈ కాలరు పూర్తిచేసి వస్తా" అన్నాడట. అదే ఆఖరు మాట.

కబురు పంపామనీ కొందరికి అందలేదనీ సర్కారు ఆఫీసువాళ్ళు ప్రకటించారు. వీధిలో ఎవరికి వాళ్ళు తమ ఫోనుకే వంక పెట్టుకున్నారు. ఒకాయన సైలెంటులో ఉందన్నాడు. ఒకామె సిగ్నలు లేదంది. మరదలు ఇస్త్రీపెట్టె అంది. ఆ తరవాత ఇస్త్రీపెట్టెను ముట్టుకోలేదు. కొత్త ఫోను కొనుక్కుని, ఇంట్లో ఉన్నంతసేపూ గోడకే తగిలించి ఉంచుతుంది. బయటికొస్తే సంచిలో బ్యాటరీ డబ్బా, దాన్నుంచి ఫోనుకు వైరు.

హాలు చల్లగా ఉంది. మేం ముందు వరసలో కూర్చున్నాం. మరదలు కుర్చీ కింద తడిమి, పక్కన కూర్చున్నాయన్ని అడిగింది.

"బాబూ, ఇక్కడ ప్లగ్గు ఎక్కడుంది?"

ఆయన ఫోను చూసి, "నిండుగానే ఉందిగా అమ్మా" అన్నాడు.

"నిండుగా ఉంటే మాత్రం? తగ్గుతుందిగా."

"ఖర్చు తగ్గించే సభకొచ్చి కరెంటు అడుగుతున్నారా, బాగుంది!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

అమ్మాయి స్టేజీ మీదికొచ్చింది. గొంతు బాగానే పలికింది.

"మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే ఇంట్లో ఊరుకోరు. మా పిన్నయితే వీపు విమానం మోత మోగించేది."

జనం నవ్వారు. మరదలు నన్ను మోచేత్తో పొడిచింది. "నా గురించే బావగారూ!"

తెర మీద ఒక గీత వచ్చింది. ఎత్తునుంచి కిందికి జారింది. అదే ఖర్చట. దాంతోపాటే పొగా, వేడీ తగ్గాయట, భూమికి మేలట. ఎలా తగ్గించారో చెప్పింది. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడివున్న యంత్రాలకు గుర్తులు పెట్టారు. ఇది ఎవరిదని అందరినీ అడిగారు. గడువులోగా ఎవరూ మాది అనకపోతే ఆపేశారు. ఆపాక కూడా ఎవరూ అరవకపోతే, అది అక్కర్లేనిదన్నమాట.

చప్పట్లు మోగాయి. నది పెరగని నెలల్లో నది యంత్రానికి పలకాల్సిన పనేముంది?

ఆనకట్ట మీద మాకొక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగేవాడు తలుపు చక్రం మీద చెయ్యి వేసి నిలబడాలి. ఎక్కేవాడు వచ్చి తన చెయ్యి వేసి "పట్టుకున్నా" అనాలి. అప్పుడే మొదటివాడు చెయ్యి తియ్యాలి. ఆ మాట అనేవాడు రాకపోతే అక్కడే ఉండాలి. ఆకలైనా, వానైనా.

అమ్మాయి ఆగింది. "వాటిలో ఒక యంత్రం గురించి..." అని మా వైపు చూసింది. మరదలు అప్పటికే ఫోను పైకెత్తి ఫొటో తీస్తోంది. ఫోనునుంచి వైరు సంచిలోకి వేలాడుతోంది. అమ్మాయి కళ్ళు ఆ వైరు మీదే ఉండిపోయాయి.

"ఒక యంత్రం గురించి చెబుదామనుకున్నాను. టైము అయిపోయింది" అంది.

మళ్ళీ చప్పట్లు. మరదలు ఫోను చంకలో పెట్టుకుని అందరికంటే గట్టిగా కొట్టింది.

వెనక వరసలోంచి ఒకామె లేచి అడిగింది. "ఆపాక అరిచినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

అమ్మాయి మైకు నోటి దాకా తెచ్చుకుంది. మళ్ళీ దించేసింది. పెద్దసారు స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు.

"ఇంతవరకూ ఒక్కరూ అరవలేదండీ" అన్నాడు నవ్వుతూ.

బయట వరండాలో టీ ఇచ్చారు. మరదలు అమ్మాయి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఎంత బాగా మాట్లాడావే తల్లీ! మీ బాబాయి ఉంటే ఊరంతా చాటేవాడు. నా పాడు చేతులు... ఆ పూట ఫోను తియ్యకపోయినా బాగుండు."

"పిన్నీ" అంది అమ్మాయి. మరదలు బిస్కట్ల బల్ల దగ్గరికి, ప్లగ్గు వెతుక్కుంటూ వెళ్ళింది.

"నావల్ల కాలేదు నాన్నా. ఉద్యోగం పోతే పోయింది, దానికి కాదు. చెప్తే పిన్ని ఇంక నా మొహం చూస్తుందా?"

నా చొక్కా చెయ్యి మళ్ళీ ఆమె పిడికిట్లో ఉంది. ఎంత బిగించిందంటే కుట్టు పటపటమంది. ఆమె తప్పు చేసిందనడానికీ చెయ్యలేదనడానికీ నాకు నోరు రాలేదు.

"పట్టుకున్నా" అన్నాను.

చిన్నప్పుడు ఆనకట్ట మీదికి నాకు అన్నం తెచ్చేది. ఆ మాట ఆమెకు తెలుసు. కాసేపు నా మొహం చూసింది. తరవాత మెల్లిగా చొక్కా వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే మరదలు ఉండే అద్దె గదికి వెళ్ళాను. గోడకు ఫోను వేలాడుతోంది.

"ఏంటి బావగారూ, ఇంత పొద్దున్నే? ఒంట్లో బాగానే ఉందా?"

"కూర్చో అమ్మా."

కూర్చుంది.

"ఆ రోజు కబురు పంపలేదు. ఎవరికీ పంపలేదు. చార్జింగు నిండా ఉన్నా వాడి ఫోను మోగేది కాదు."

"ఎవరన్నారు?"

"అమ్మాయి. పంపే యంత్రాన్ని అక్కర్లేదని ఆపేశారు. ఆపించింది అదే. తెలియక."

చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఏడవలేదు.

"నిన్న నేను చప్పట్లు కొట్టింది దానికా?"

"దానికే."

మొహం గోడవైపు తిప్పుకుంది. అమ్మాయిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ప్లగ్గులోంచి వైరు తీసేశాను.