ఏడింటి భోజనం

ముందు కంచం, తర్వాత గిన్నె, ఆ తర్వాత సూది. మడతలక్క వంటగది తలుపు వేసి నేల మీద చతికిలబడింది. ఎదురుగా ఆమె ముసలి కుక్క, దొర. పొట్ట కిందికి వేలాడుతోంది, వీపు మీద బొచ్చు ఊడి పల్చటి చర్మం కనిపిస్తోంది. ఆకలి మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె రొట్టె తుంచగానే వాడు గిన్నెలో మూతి పెట్టాడు. మాంసం ముక్కలో దాచిన మాత్ర కూడా లోపలికి పోయింది. గిన్నె ఖాళీ అయ్యాక మెడ మీద చర్మం పైకెత్తి మందు ఎక్కించింది. వాడు కిక్కురుమనలేదు.

దొరకి చక్కెర జబ్బు. అది చాలనట్టు కషింగ్స్ అని ఇంకోటి. ఒంట్లో ఏదో గ్రంథి అతిగా పనిచేసి చక్కెర జబ్బుకు వత్తాసు పలుకుతుందట. అందుకే ఆ దాహం, ఆ తీరని ఆకలి.

"వేళకి తప్ప చిన్న ముక్క కూడా పెట్టకూడదు. ఎవరైనా తింటుంటే వాడు ఊరుకోడు. అందుకని మీరూ వాడితోనే తినేయండి," అన్నాడు పశువుల డాక్టరు.

మడతలక్క తెల్లబోయింది. తినేయండి అని ఆమెతో అన్నవాళ్లెవరు గనక? అత్తింట్లో అందరి తర్వాత తినేది. మొగుడు పోయి తమ్ముడింటికి వచ్చాక, పిల్లల కంచాల్లో మిగిలిందేదో పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకునేది. కూర్చుని వేడివేడిగా తినడం జుట్టు నెరిశాక, ఓ కుక్క పుణ్యమా అని మొదలైంది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. ఆ కాసేపు వంటగది వాళ్లిద్దరిది.

మరదలికి అది మింగుడుపడలేదు. "ఎందుకొచ్చిన బాధ వదినా! ఒక్క సూదేసి పంపించెయ్యమనొచ్చుగా?"

"రోజూ రెండేస్తున్నా, చాలవా?" అని గిన్నె కడుక్కుని పనికి బయల్దేరింది.

పెద్ద హోటల్లో లాండ్రీ. దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని, అందుకే ఆ పేరు. ఆవిరికి మొహం ఉబ్బిపోతుంది. వేడి బట్ట పట్టీ పట్టీ వేళ్ల మీద చర్మం గీతలు కూడా లేకుండా నున్నబడిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నోట కాదన్న మాట ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం విన్నారు.

"ఇవాళ విందుంది. బల్లల గుడ్డలు అయ్యేదాకా ఎవరూ కదలొద్దు," అన్నాడు సూపర్‌వైజరు.

"నేను ఉండను."

"కుక్క కోసమా?" అతను నవ్వాడు.

"నేనూ కుక్కా ఏడింటికి తింటాం," అంది చేతిలో ఉన్న గుడ్డ చివరి మడత వేస్తూ. "ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి." ఆ గుడ్డని దొంతర మీద పెట్టి బయటికి నడిచింది.

ఇంటికొచ్చి కంచం పెట్టింది, గిన్నె పెట్టింది. దొర వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

తిండి వద్దని ఎన్నడూ అనని జీవి! ఆమె మాంసం ముక్క అరచేతిలో పెట్టి అందించింది. వాడు ముక్క వదిలేసి చెయ్యి నాకాడు.

"తినకపోతే సూది వెయ్యకండి. వెంటనే తీసుకురండి," అన్నాడు ఫోన్లో డాక్టరు.

తమ్ముడు బండి తాళాలు తీశాడు. "పద అక్కా." ఆమె వాణ్ణి పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రి బల్ల మీద, తమ వంతు రాకముందే, ఆమె మోచేతి మీద తల ఆన్చిన దొర ఓసారి పెద్దగా ఊపిరి వదిలాడు. మళ్లీ తీసుకోలేదు.

మర్నాడు పొద్దున మరదలు కాస్త మెత్తగానే అంది. "ఇంకేముంది వదినా, పిల్లలు తిని వెళ్లాక నిదానంగా తిందువుగానిలే. ముందు వాళ్లకి కాస్త వడ్డించు."

మడతలక్క గడియారం వంక చూసింది.

"నువ్వు వడ్డించమ్మా. ఏడయింది, నేను తింటున్నాను."

ఎప్పటి చోటే కూర్చుంది. వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఏడుపొస్తే దాన్నీ రొట్టెతో కలిపి మింగింది. మరదలు గుమ్మంలో నిలబడి చూసి, పిల్లల కంచాలు తనే తీసుకుపోయింది. మడతలక్క ఇంకో రొట్టె వేసుకుంది.

ఎదురుగా, కంచానికి తగిలేంత దగ్గరగా, అంచంతా పంటిగాట్లు పడిన సత్తు గిన్నె.