అత్తగారి గొడ్డలికి నీలిమందు

బేకరీ నడిపే అత్తగారికి భర్త పోయి చాలా కాలమైంది. గోడమీది ఆయన ఫొటోకి దుమ్ము పట్టినా పట్టించుకోదు కానీ, పొయ్యి పక్కన వేలాడే ఆయన గొడ్డలికి మాత్రం నూనె రాయని వారం లేదు. పొయ్యిలోకి కట్టెలు తనే చీల్చుకుంటుంది. ఇల్లరికపు అల్లుడికి పిండి పిసికే హక్కు ఉంది, రొట్టెలు కాల్చే హక్కు ఉంది, ఆ గొడ్డలిని ముట్టుకునే హక్కు మాత్రం లేదు.

ఆవిడ పన్ను పీకించుకోవడానికి వెళ్లిన పూట అల్లుడికి ధైర్యం వచ్చింది. దారికి అడ్డంగా పాత తలుపు చెక్క ఒకటి పడి ఉంటే, గొడ్డలి దించి ఒక్కటేశాడు. చెక్కలో మేకు ఉంది. అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోయింది.

అతని భార్య వచ్చి చూసింది. "మా అమ్మకి మీరే చెప్పుకోండి. నేనసలు ఇంట్లోనే లేను."

అతను గొడ్డలిని పక్క సందులోని వెల్డింగు షాపుకి పట్టుకెళ్లాడు. కరెంటు సాన మీద పెడితే నిప్పురవ్వలు జివ్వున చిమ్మాయి, నొక్కు క్షణాల్లో మాయమైంది. తళతళలాడే ఆ అంచు చూసి అల్లుడికి తనమీద తనకే గౌరవం పెరిగింది. తెచ్చి తగిలించి, ఏమీ ఎరగనట్టు పిండి ముందు కూర్చున్నాడు.

సాయంత్రం అత్తగారు కట్టె మీద ఒక దెబ్బ వేసింది. కట్టె చీలలేదు, అంచు మడత పడింది. ఆవిడ గొడ్డలిని వెలుతురులోకి తిప్పి చూసింది. అంచు వెంబడి నీలం చార. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరిగే మనిషి.

"అల్లుడుగారూ, దీనికి నీలిమందు ఎవరు పెట్టారండీ?"

"తుప్పేమో అత్తయ్యా."

"నీలం తుప్పు మీ వైపు పడుతుందేమో. మా ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదు."

అల్లుడు జరిగిందంతా కక్కేశాడు.

"కరెంటు సాన మీద అంత వేడి తగిలితే ఉక్కు నీలమెక్కి మెత్తబడిపోతుందండీ. ఆ నీలం ఉన్నంతసేపూ ఇది గొడ్డలి కాదు, గరిటె. కూర్చోండి."

గొడ్డలిని బల్లకి బిగించి, నీలం మొత్తం పోయేదాకా ఆకురాయితో అరగదీయించింది. తర్వాత సానరాయి మీద నీళ్లు చల్లి, రెండు వైపులా సమంగా రుద్దించింది. అతని భుజాలు పడిపోయాయి.

"వేలు అంచుకి అడ్డంగా లాగి చూడండి. నిలువుగా లాగితే ఆ వేలు ఇక మీది కాదు."

"గరుకు తగులుతోంది అత్తయ్యా."

"దాన్ని తోలుతో తీయాలి. మీ బెల్టు ఇవ్వండి."

"ప్యాంటు కాస్త వదులు అత్తయ్యా."

"ఫరవాలేదు, నేను అటు తిరుగుతాను."

ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో బెల్టు పట్టుకుని గొడ్డలికి తోలు రుద్దుతుండగా, రొట్టె కోసం వీధి చివరి టైలరు వచ్చాడు. నవ్వలేదు పాపం. వృత్తి గౌరవం తెలిసినవాడు. నడుము వైపు కాసేపు పరీక్షగా చూసి, "రెండంగుళాలు లోపలికి పట్టాలి. టేపు జేబులోనే ఉంది, కొలిచేయమంటారా?" అన్నాడు.

టైలరు వెళ్లాక అత్తగారు గొడ్డలి అందుకుని, అల్లుడి ముంజేతి మీద మెల్లగా లాగింది. వెంట్రుకలు గొరిగినట్టు నున్నగా లేచి వచ్చాయి.

"మీ మామగారు దీన్ని ఇలాగే రెండుసార్లు కాల్చారు" అంది. "పైగా అది నా తప్పే అన్నారు. మహానుభావుడికి నోరు తప్ప ఇంకేదీ పదును కాదు."

అల్లుడు గోడమీది ఫొటో వైపు చూశాడు.

"చూస్తారేం? బెల్టు పెట్టుకుని కట్టె కొట్టండి" అంటూ గొడ్డలి అతని చేతికిచ్చి కుర్చీలో కూలబడింది.

కొట్టాడు. కట్టె రెండుగా విడిపోయి చెరో పక్క పడింది. ఇంకోటి కొట్టాడు. ఒక మంచి మాట వస్తుందేమోనని వెనక్కి తిరిగి చూశాడు. అత్తగారు కుర్చీలో నోరు తెరుచుకుని గురకపెడుతోంది.