చెరో మర

మా బావ నా ముక్కు పగలగొట్టింది పొద్దున పదకొండింటికి. పన్నెండయ్యేసరికి అతని కుడిచెయ్యి కారు స్ప్రింగు నోట్లో ఉంది. ఆ గంటలో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకుంటే అతనికి ఇవాళ్టికీ పది వేళ్ళూ ఉండేవి.

బావంటే అక్క మొగుడు. ఇద్దరం కలిసి ఒకటే షెడ్డు నడిపాం. మనిషి దున్నపోతు. ఒకసారి జాకీ విరిగితే, కొత్త జాకీ వచ్చేదాకా కారుని భుజం మీద మోశాడు. జాకీ కోసం వెళ్ళినవాడు దారిలో ఆగి టీ కూడా తాగొచ్చాడు. నమ్మకపోతే మీ ఇష్టం, టీ తాగింది నేనే.

ఆ రోజు వచ్చిన టాక్సీ ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగింది. చంద్రుడి దాకా పోయి సగం దారి పైగా వెనక్కొచ్చిన బండన్న మాట. ముందు షాకబ్జర్లు రెండూ నూనె కక్కేశాయి. బుష్‌ల రబ్బరు ముసలాడి చిగుళ్ళలా ఊడొచ్చింది. ఎడమవైపు స్ప్రింగు అడుగుచుట్టు విరిగిపోయింది.

"రెండువైపులా మార్చాలి" అన్నాను నేను.

"విరిగింది ఒకటేగా" అన్నాడు బావ.

"ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసుకుని నడుస్తావా నువ్వు?"

"మీ అక్కని కట్టుకున్ననాటి నుంచీ అలాగే కుంటుతున్నానురా."

అక్కని అంటే ఊరుకుంటానా? చేతిలో పానా విసిరాను. బావ పైపన్ను ఎగిరి ఆయిలు డబ్బాలో పడింది. అతను నా చొక్కా పట్టుకుని మొహాన్ని బానెట్‌కేసి కొట్టాడు. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. కడుపులో మోకాలితో పొడిచాను. టైరెత్తి నా మీదకి విసిరాడు. టాక్సీ ఆయన విడదీయబోయి, ఇద్దరిచేతా చెరొకటి తిని, దవడ పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"మీ ముచ్చట తీరాక బండి సంగతి చూడండి మేస్త్రీ" అన్నాడు పాపం.

ముచ్చట తీరింది. మాటలు మాత్రం ఆగిపోయాయి. బావ నా మాటకి ఒప్పుకున్నాడు, నోటితో కాదు, రెండు కొత్త స్ప్రింగులూ తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

కారు స్ప్రింగు మీరనుకునే పెన్ను స్ప్రింగు కాదు. దాన్ని లోపల కూర్చోబెట్టాలంటే ముందు కుదించాలి. అందుకు రెండు పొడుగాటి మరలుంటాయి, కొక్కేలతో. అటొకటి, ఇటొకటి తగిలించి, ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు, సమంగా బిగించాలి. ఎక్కడైనా ఒక్క మనిషే రెండూ తిప్పుతాడు. మా షెడ్డులో అలా కుదరదు. ఒక మర బావది, ఒకటి నాది. ఒకరిది ఒకరం ముట్టుకోం. "నాలుగు" అని అతను కేకేస్తాడు, "నాలుగు" అని నేను. ఇరవయ్యేళ్ళు అలాగే నడిచింది.

ఆ రోజు ఎవరూ కేకెయ్యలేదు. అతను నాలుగు తిప్పితే, నేనేం తక్కువా అని ఆరు తిప్పాను. అతను పది తిప్పాడు. స్ప్రింగు అరటిపండులా అతని వైపు వంగింది. నా కొక్కెం జారుతోంది. "జారుతోంది" అంటే సరిపోయేది. ముందు నేనెందుకు మాట్లాడాలి? బావ కూడా చూశాడు. అతనూ అనలేదు. కొక్కేన్ని నెట్టడానికి తన వైపునుంచి చుట్ల మధ్యకి వేళ్ళు దూర్చాడు.

ఫట్‌మంది. నా మర ఊడి, నా చెంప చీల్చుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. స్ప్రింగు నా వైపు తెరుచుకుంది, అతని వైపు మూసుకుంది. బావ అరుపుకి వీధికుక్కలు లేచి పారిపోయాయి. రెండు ఇప్పటికీ తిరిగిరాలేదు.

మిగిలిన మర విప్పితే చెయ్యి బయటికొస్తుంది, స్ప్రింగు అతని గొంతులోకి దూకుతుంది. విప్పకపోతే వేళ్ళు పిండే.

"చెయ్యి నరికెయ్‌రా" అన్నాడు బావ. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"నోర్ముయ్ బావా!"

టాక్సీ ఆయన్ని పిలిచి స్ప్రింగుని గుండెలకి అదిమి పట్టుకోమన్నాను.

"నాకు పెళ్ళాం ఉంది మేస్త్రీ."

"ఈయనకీ ఉంది, మా అక్కే. పట్టుకో."

నా మర ఏరుకొచ్చి మళ్ళీ తగిలించాను. నేను తిప్పిన ప్రతి చుట్టుకీ ఇనుము అతని ఎముక మీద రాసుకుంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. ముక్కులోంచి నెత్తురు మర మీద కారి పానా జారిపోతోంది. స్ప్రింగు నిటారుగా నిలబడింది. ఇక రెండు మరలూ సమంగా వదులు చెయ్యాలి. అతని మర మీద చెయ్యి వెయ్యబోయాను.

"అది నాది" అని ఎడంచేత్తో పానా లాక్కున్నాడు. "ఒకటి."

"ఒకటి" అన్నాను.

"ఒకటి. సగమే తిప్పావు, దొంగవెధవా!"

"నీ ఎడంచేతికంటే నయమే. ఒకటి."

ఇద్దరం ఏడుస్తూ తిట్టుకుంటూ తిప్పాం. పన్నెండో చుట్టుకి సందు దొరికింది. బావ చెయ్యి గుంజుకున్నాడు. నాలుగు వేళ్ళు వెళ్ళాయి, రెండు సరిగ్గా వచ్చాయి. మూడోది తోలు పట్టుకుని వేలాడుతోంది. చిటికెనవేలు లోపలే ఉండిపోయింది.

ఆసుపత్రిలో వేలాడేదాన్ని కుట్టి నిలబెట్టారు. అక్క రొప్పుతూ వచ్చింది.

"ఏమైందండీ?"

"స్ప్రింగు కొట్టింది" అన్నాడు బావ.

"వాడి ముక్కో?"

"అదీ స్ప్రింగే."

"మీ పన్నో?"

"స్ప్రింగేనే."

అక్క టాక్సీ ఆయన దవడకేసి చూసింది. ఆయన నేలచూపులు చూస్తూ, "నాదీ స్ప్రింగేనమ్మా" అన్నాడు.

అక్క చేతిసంచీతో నా నెత్తిన రెండు మొత్తింది. సంచీలో క్యారియర్ ఉంది. "ఆ కట్టు ఊడేదాకా ఆయన నోటికి ముద్ద నువ్వే పెట్టాలిరా" అంది.

కలిపి పెట్టాను. మొదటి ముద్దకే నా వేలు పళ్ళమధ్య పట్టి కొరికాడు, పన్ను ఎముకకి తగిలేదాకా. నేను చెయ్యి లాక్కోలేదు. అతని కళ్ళనిండా నీళ్ళు. కాసేపటికి తనే వదిలాడు.

వేలు గోడకి తుడిచి, ఎడంచేత్తో రెండో ముద్ద కలిపాను.