బదులు

మా ఊళ్లో ఎస్టీడీ బూత్ పెట్టిన ఏడాది, కొన్ని కుటుంబాలం కలిసి చేసుకునే ఉమ్మడి వ్యవసాయంలోకి ఇంగ్రిడ్ అనే జర్మనీ అమ్మాయి వచ్చింది. ఊడ్పులకు దిగుతుందట. కూలి వద్దట, తిండీ పడకా ఇస్తే చాలట. ఇంగ్లీషు వచ్చిన ఉదయ్‌కుమార్ ఈ సంగతి చెబితే నాకు ఒళ్లు మండింది.

"విమానమెక్కి వచ్చి బురదలో దిగేది ఊరికేనా?" అన్నాను.

"సరదా అండి పిన్నిగారూ. వాళ్లకదో అలవాటు," అన్నాడు.

సరదాకి నడుము విరగ్గొట్టుకునేవాళ్లను నేనెక్కడా చూడలేదు. మా వైపు కూలి పుచ్చుకోకుండా ఎవరైనా మన చేలో దిగారంటే, రేపు వాళ్ల చేలోకి మనం బదులు వెళ్లాలనే అర్థం. అందుకే ఆ పిల్లను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను. వంకరగా నాటిన నారును తనే పీకి మళ్లీ నాటేది. గోంగూర పచ్చడి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేది. ఇంత ఓర్చుకుంటోందంటే ఏదో పెద్ద పనే అడుగుతుందనుకున్నాను.

ఊడ్పులయ్యాయి. నిడదవోలు స్టేషన్లో రైలెక్కబోతూ నా చేతులు పట్టుకుని ఏదో చెప్పింది.

"వాళ్ల నాన్నగారికి బంగాళాదుంపల చేనుందటండి. సెప్టెంబరులో తవ్వుతారట. మిమ్మల్ని తప్పకుండా రమ్మంటోంది," అన్నాడు ఉదయ్‌కుమార్ నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. నేను ముందే అన్నాను. కానీ ఊరికే పని చేయించుకున్నారన్న మాట మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు పడలేదు.

"గునపాలు వాళ్లిస్తారో, మనమే పట్టుకెళ్లాలో అడుగు," అన్నాను.