ప్రేమలీల బ్యాటరీ ఊడదీసిన ఆదివారం

ఆదివారం చర్చి నుంచి రాగానే అమృతరావు చొక్కా చేతులు మడిచి, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, రిమోటు కారు విప్పేవాడు. అన్నం గిన్నె ఎక్కడ దించాలో తెలీక భార్య ప్రేమలీల కాసేపు దాన్ని పట్టుకు నిలబడి, చివరికి కిటికీ గట్టు మీద పెట్టేది. జేకేపూర్ కాలనీలోని వాళ్ల క్వార్టర్లో ఆ ఏడాదంతా భోజనాలు మంచాల మీదే జరిగేయి.

కాగితం మిల్లులో కొత్త మిషను బిగించడానికొచ్చిన జపాను ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఆ కారు అమృతరావుకి ఇచ్చిపోయేడు. మూరెడు పొడుగు, మట్టిలో పరిగెత్తడానికి బుడిపెల చక్రాలు. కలకత్తా నుంచి తెప్పించుకున్నవి కాలనీలో ఇంకో రెండున్నాయి. సాయంత్రాలు ఫుట్‌బాల్ గ్రౌండులో మూడింటికీ పందెం. అమృతరావు ఒక్కసారీ నెగ్గలేదు.

మిల్లులో మీటర్లు బాగుచేసే మనిషి ఆయన. అంతంత మిషన్లు లొంగేయి గానీ ఈ మూరెడు బండి లొంగలేదు. కొంతదూరం బాణంలా వెళ్లేది. తర్వాత నత్తివాడి మాటలా ఆగి ఆగి, ఎడమకి తిరిగి మురిక్కాలవలోకి పోయేది. పళ్లచక్రాల్లో ఎర్రమట్టి చేరిందేమోనని టూత్‌బ్రష్షుతో తోమేడు. స్పీడు మార్చే రేకు మాడిందని గరుకు కాగితంతో రుద్దేడు. ముందు చక్రాలు తిప్పే చిన్న మోటారు విప్పి, బిగించి, మళ్లీ విప్పేడు. ప్రేమలీల దాచుకున్న స్పిరిట్టు సీసా ఖాళీ చేసేడు. బండి మాత్రం కాలవ దారి మరవలేదు.

ఆ రిమోటుకి కదిలేది ఒక్క బండే కాదు. అమృతరావు తల్లి దేవమణికి కిందటి వానాకాలం పక్షవాతమొచ్చి కుడికాలు పడిపోయింది. రిమోటు మీట ముందుకి తోస్తే, బండితో పాటు ఆ కాలూ కదిలేది. మొదటిసారి కదిలినప్పుడు ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఒళ్లో పళ్లెం కాస్తా బోర్లా పడింది. ఒరే ఆపరా, కాయలన్నీ పారబోసేవని కొడుకుని విసుక్కుంది. డాక్టరు వచ్చి కాలు చూసి, రిమోటులో మంచి బ్యాటరీలు వెయ్యమని చెప్పి వెళ్లిపోయేడు.

ప్రేమలీల నర్సు. అత్తగారిని లేపి కూర్చోబెట్టాలన్నా, పెరట్లోకి తీసుకెళ్లాలన్నా ఒక మనిషి దగ్గరుండాలి. పెట్టుకున్న పనివాళ్లెవరూ నిలవలేదు. సెలవు మీద సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారం డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం వదులుకోమని మేట్రన్ కబురు చేసింది.

ఒక కుళాయికి రెండు గొట్టాలు తగిలిస్తే దేనికీ నీళ్లు సరిగ్గా రావనీ, బండి ఆపేసి కాలొక్కదానికే పెట్టి చూడమనీ ప్రేమలీల ఎన్నిసార్లో చెప్పింది. ముందు బండిలో లోపం దొరకనీ అనేవాడు అమృతరావు. ఆ ఆదివారం పొద్దున్న తల్లిని రైల్లో మునిగుడలో ఉన్న తన చెల్లెలింటికి తీసుకెళ్లమన్నాడు. అంతదూరం పోతే రిమోటు అందదని ఆయన లెక్క. ప్రేమలీల గిన్నెలు మామూలు కన్నా గట్టిగా తోమింది.

సాయంత్రం మునిగుడకి బదులు దేవమణిని రిక్షాలో గ్రౌండుకే తీసుకొచ్చి, అటు చివర గోలుపోస్టు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. పందెం మొదలైంది. మొదటి చుట్టులో అమృతరావు బండే ముందుంది. రెండో చుట్టులో గోలుపోస్టు దగ్గరకొచ్చేసరికి వణికింది. కుర్చీలో దేవమణి కాలు గాల్లోకి తన్నుతోంది.

"అమ్మా, ఆ కాలు కాస్త పట్టుకో" అని ఇటునుంచి కేకేసేడు.

"అది నా మాట ఇంటే ఈ కుర్సీ ఏలరా? అదిప్పుడు నీ మాటే ఇంటాది" అందావిడ.

ప్రేమలీల నెమ్మదిగా గ్రౌండు మధ్యకి నడిచింది. మిగతా రెండు బండ్లూ ఆవిడ కాళ్ల పక్కనుంచి తప్పుకు పోయేయి. వంగి మొగుడి బండి ఎత్తి, మూత తెరిచి, బ్యాటరీ ఊడదీసి చేతిసంచిలో వేసుకుంది. చక్రాలు ఆగిపోయేయి.

"ఏటి సేసేవు నువ్వు? ముందున్నాను గదా" అన్నాడు అమృతరావు.

"రేపు నా ఉద్యోగం పోతాదండీ. ఇప్పుడు మీట తొయ్యండి."

అమృతరావు మొహం కందిపోయింది. అందరూ తననే చూస్తున్నారు. ఖాళీ బండి కేసి చూసేడు, తల్లి కేసి చూసేడు. దేవమణి అప్పటికే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. మీట తోసేడు.

ఆవిడ లేచింది. కుడికాలు ముందుకి పడింది, దాని వెనక ఎడంకాలు తనంతట తనే వచ్చింది. మిగతా రెండు బండ్లవాళ్లూ ఆవిడకి అడ్డం రాకూడదని తమ రిమోట్లు ఆపేసేరు. నాలుగడుగులు బాగానే పడ్డాయి గానీ, ఆ తర్వాత ఎడమకి మళ్లింది.

"కుడికి తిప్పరా. ఇన్నాళ్లూ ఆ బండిని కాలవలో పడేసింది నువ్వే అన్నమాట" అంది దేవమణి.

రిక్షా ఎక్కనంది. ఇంటిదాకా ఆవిడ ముందు, వెనక రిమోటు పట్టుకుని అమృతరావు, ఆ వెనక ఖాళీ కుర్చీ మోసుకుంటూ ప్రేమలీల నడిచేరు. రాళ్లున్నచోట మీట మెల్లగా తోసేడు, గుంట వచ్చినచోట ఆపేడు. జీవితంలో అంత జాగ్రత్తగా ఏ మిషనూ నడపలేదు. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయింది. దారిలో ఒక్కసారి కూడా పందెం గురించి మాట్లాడలేదు.

గుమ్మం దగ్గరకొచ్చేసరికి రిమోటులో బ్యాటరీలు అయిపోయేయి. అమృతరావు మీట తోస్తూనే ఉన్నాడు. మెట్టు మీదికి లేచిన కాలు లేచినట్టే గాల్లో ఉండిపోయింది. దేవమణి కాసేపు చూసి, విసుగ్గా నిట్టూర్చి, కాలు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం ప్రేమలీల తెల్లచీర కట్టుకుని డ్యూటీలో చేరింది. ఆ వారం చివర్లో మందులు సర్దుతుంటే మేట్రన్ వచ్చి, మరి ఇంట్లో అత్తగారిని ఎవరు చూస్తున్నారని అడిగింది.

"ఇంట్లో లేరండి" అంది ప్రేమలీల. "మొన్న నేను తెచ్చిన చేపలు బాగోలేవని, ఆవిడే బజారుకెళ్లేరు."