గళ్ల క్రోటన్

ఉదయం ఆరింటికల్లా క్రోటన్లాయన గొట్టం పట్టుకుని నర్సరీలో నీళ్లు పెట్టడం మొదలుపెడతాడు. ఏడున్నరకి పక్క కొట్టు షట్టరు పైకి లేచిన చప్పుడవుతుంది. టైలరమ్మ వచ్చిందన్నమాట. వెంటనే గొట్టం పక్కన పడేసి, చేతులు కడుక్కుని, రెండు గ్లాసుల్లో టీ పోస్తాడు. నర్సరీకీ కొట్టుకీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. దాని మీద గ్లాసులు పెట్టుకుని చెరోపక్కా నిలబడి, ఆయన ఆకులకు పట్టిన పిండినల్లి గురించీ, ఆవిడ నాసిరకం జిప్పుల గురించీ ఓ పావుగంట చెప్పుకుంటారు. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస. ఆవిడ ఆయన్ని "నర్సరీ గారూ" అంటుంది, ఆయన ఆవిడని "టైలర్ గారూ" అంటాడు. ఇంతకుమించి వాళ్ల మధ్య ఏమీ లేదని వీధి మొత్తానికి తెలుసు. తమ సంగతి తమకీ అంతే తెలుసని వాళ్లిద్దరూ అనుకునేవాళ్లు.

ఆవిడ పెళ్లైన రెండో ఏడే భర్త పోతే, ఒక్క కుట్టుమిషను వెంటేసుకుని ఈ వీధికి వచ్చింది. ఆయన పెళ్లి మాటెత్తితే చాలు, మొక్కలకు నీళ్లు పెట్టాలని లేచిపోయే రకం. అలా లేచి లేచి యాభై ఎనిమిదో ఏట పడ్డాడు.

ప్రతి సోమవారం టైలరమ్మ ఓ సంచీడు గుడ్డముక్కలు గోడ మీంచి అందించేది. అవి అంటు కట్టడానికి. క్రోటన్ కొమ్మకి వేలెడంత మేర బెరడు ఒలిచి, చుట్టూ తడి నాచు అద్ది, దానిమీద గుడ్డ చుట్టి బిగించి కడతాడు. నాలుగైదు వారాలకు లోపల వేళ్లు వస్తాయి. అప్పుడు కొమ్మ కోసి కుండీలో పెడితే కొత్త మొక్క. అందరూ ప్లాస్టిక్ కాగితం చుడతారు గానీ, ఈయనకు తండ్రి గుడ్డతోనే నేర్పాడు.

కొట్టులో మిగిలిన కొత్త గుడ్డ కడితే ఏ వింతా లేదు, తల్లిమొక్క పోలికే వచ్చేది. ఎవరైనా ఏళ్ల తరబడి ఇష్టంగా దగ్గర ఉంచుకున్న గుడ్డ కడితే మాత్రం ఆకులు ఆ గుడ్డ పోలికతో వచ్చేవి. అందుకే జనం ఇంట్లోంచి పాత బట్టలు తెచ్చి, "దీనికో అంటు కట్టండి" అని ఇచ్చి వెళ్లేవాళ్లు. రైలు గార్డు భార్య ఆయన పోయాక యూనిఫాం కోటు ముక్క తెచ్చింది. నల్లటి ఆకుల మీద రెండేసి ఇత్తడి చుక్కలతో మొక్క వచ్చింది. చూసినవాళ్లు తెగులు పట్టిందేమోనన్నారు. ఆవిడ మాత్రం దాన్ని వీధి గుమ్మంలో పెట్టుకుని, రోజూ ఆ చుక్కలు తుడిచేది. వంటావిడ కూతురు తల్లి ఏప్రన్ తెస్తే ఆకాకుకీ నూనె మరకలు వచ్చాయి. ఆ పిల్లకి అది ప్రాణం. ఆమె మొగుడు ఆ మొక్క కనిపిస్తే మొహం చిట్లించి, పెరటి వైపు జరిపేవాడు. ఆమె మళ్లీ ముందుకి తెచ్చేది. వాళ్ల కాపురంలో ఆ కుండీ తిరిగినంత దూరం వాళ్లిద్దరూ కలిసి తిరగలేదని టైలరమ్మ అనేది.

ఓసారి ఒక పెద్ద ఆఫీసరు తన పెళ్లినాటి సూటు ముక్క తెచ్చాడు. ఎంత ఆగినా మామూలు క్రోటనే వచ్చింది. మీ పనితనం బాగాలేదని ఆయన గొడవకు దిగితే, పక్కనున్న ఆయన భార్య నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

అలా రోజులు గడుస్తుండగా టైలరమ్మ కళ్లు మసకబారాయి. సూదిలో దారం ఎక్కించడానికి ఒక్కోసారి పది నిమిషాలు పట్టేది. సంగతి తెలిసి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడు వచ్చాడు. మంచివాడే. కొట్టు ఎత్తేసి తమ ఇంటికి వచ్చెయ్యమన్నాడు. ఆవిడ సరేననలేదు, కాదనలేదు. తమ్ముడు సరేనన్నట్టే తీసుకుని, చొక్కా చేతులు మడిచి ఆ మధ్యాహ్నమే కొట్టు సర్దడం మొదలుపెట్టాడు. పనికిరానివన్నీ సంచీలో కుక్కి గోడవతల క్రోటన్లాయనకి ఇచ్చేశాడు.

రెండ్రోజుల తర్వాత టైలరమ్మ టీ తాగుతూ, ఆ సంచీలో మడతపెట్టిన పాత గుడ్డ ఏదైనా కనిపించిందా అని అడిగింది. వెలిసిపోయి రంగూ రూపూ లేని గుడ్డ ఒకటి ఉందనీ, పీలికలు చేస్తుంటే చాలావరకు చేతిలోనే చిరిగిపోయిందనీ, ఒక్క పీలికే అంటుకు పనికొచ్చిందనీ ఆయన చెప్పాడు. కావాలా అని కూడా అడిగాడు. అక్కర్లేదంది. ఆ రోజు టీ సగం వదిలేసి వెళ్లిపోయింది. కళ్ల బెంగ కాబోలనుకున్నాడాయన.

ఒప్పుకున్న కుట్టుపనులు పూర్తి చెయ్యాలంటూ ఆవిడ రెండున్నర నెలలు సాగదీశాక, ప్రయాణం ఆదివారానికి ఖాయమైంది. తమ్ముడు బండి తెస్తానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ క్రోటన్లాయనకి ఏ పనీ తిన్నగా సాగలేదు. పెట్టిన మొక్కలకే మళ్లీ నీళ్లు పెట్టాడు. గోడ దగ్గర "వెళ్లక తప్పదా?" అని అడుగుదామని రోజూ అనుకోవడం, తీరా ఆవిడ ఎదురుగా నిలబడితే నీళ్లు నమలడం. ముప్ఫై ఏళ్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఉండిపొమ్మనే హక్కు వస్తుందా అన్నది ఆయన సందేహం.

శుక్రవారం పొద్దున్న కుండీలు కొనడానికి వచ్చిన ఒకాయన, వెనక వరసలో ఒక మొక్కని చూపించి, "ఇదేంటండీ, ఇంత దరిద్రంగా ఉంది? పీకి పారెయ్యండి, పక్కవాటికి కూడా అంటుకుంటుంది" అన్నాడు. క్రోటన్లాయన వెళ్లి చూశాడు. నెల కిందట అంటు కోసి పెట్టిన మొక్క. కొత్తగా ఐదాకులు విచ్చుకున్నాయి. ముదురు గోధుమరంగు మీద మట్టిపసుపు గళ్లు. ప్రతి ఆకుకీ ఎడమపక్కన నలుచదరంగా ఆకుపచ్చ మాసిక. పైన, కాడ దగ్గర, సన్నటి కుట్టు గీత.

అది తన చొక్కా.

ఇరవై రెండేళ్ల కిందట వాళ్ల అక్కయ్య కొనిపెట్టిన చొక్కా అది. వేసుకున్న మొదటి రోజే వీధంతా నవ్వింది. ఏడాది కూడా తొడగలేదు. జేబు చిరిగితే టైలరమ్మ ఆకుపచ్చ ముక్క వేసింది. తర్వాత ముల్లు గీరుకుని భుజం దగ్గర చిరిగితే మళ్లీ ఆవిడకే ఇచ్చాడు. ఇస్త్రీపెట్టె కింద కాలిపోయిందని చెప్పి, ఆవిడ తెల్ల చొక్కా ఒకటి కుట్టి ఇచ్చింది. పోనీలెండి, పీడా పోయిందన్నాడు.

ఆయన ఐదాకులూ తిప్పి తిప్పి చూశాడు. భుజం చిరుగు ఎంతో ఒద్దికగా కుట్టి ఉంది. కాలిన మచ్చ ఎక్కడా లేదు. తను ఏడాదైనా తొడగని చొక్కాకి ఆకులు ఇలా రావు. ఎవరో దాన్ని ఏళ్లకేళ్లు దగ్గర పెట్టుకున్నారు. ఆ ఎవరో ఎవరో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కుండీల బేరగాడు ధర అడుగుతున్నా పలక్కుండా, మొక్కని రెండు చేతులా ఎత్తుకుని గోడ చుట్టూ తిరిగి కొట్టులోకి వెళ్లాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ గుమ్మం దాటి లోపలికి రావడం అది నాలుగోసారో ఐదోసారో.

అల్మరాలు ఖాళీగా ఉన్నాయి. మిషను బల్ల అప్పుడే వరండాలోకి చేరింది. టైలరమ్మ కత్తెరలు కాగితంలో చుడుతోంది. ఆయన మొక్కని ఆవిడ ముందు పెట్టాడు.

"ఇదెలా ఉందో చూడండి."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగాలేదు" అంది. "ఎవరూ కొనరు."

"చొక్కాగా ఉన్నప్పుడూ అందరూ అదే అన్నారు."

ఆవిడ మళ్లీ కత్తెర చుట్టబోయింది గానీ కాగితం చేతిలోంచి జారింది.

"కాలిపోయిందన్నారు" అన్నాడాయన.

"అన్నాను."

"మచ్చ లేదే మరి."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసుకుని, మళ్లీ తీసుకుని వెళ్లిపోయారు.

"మిషను దగ్గర మోచేతి కింద పెట్టుకునేదాన్ని" అంది చివరికి. "మొదట్లో ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆ కాలిన చొక్కా ఏదీ, ఒకసారి చూపించండి అని మీరు అడుగుతారనుకున్నాను. అడిగితే అప్పుడే తెలిసిపోయేది. ఒక్కసారైనా అడిగారా?"

ఇరవై రెండేళ్లు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఎన్ని వేల టీలు, ఎంత పిండినల్లి, ఎన్ని జిప్పులు. ఏడుపొచ్చింది ఆయనకి. దాచుకోలేదు కూడా.

"నాకు అడగడం రాదండీ" అన్నాడు. "ఇప్పుడు అడుగుతున్నాను."

"చొక్కా ఇంకెక్కడిది? పీలికలు చేశారుగా."

"చొక్కా కాదు. మిమ్మల్ని. ఉండిపొమ్మని."

టైలరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కళ్లు కనపడవు నాకు" అంది విసుగ్గా. "సూదిలో దారం ఎక్కదు."

"అది నాకు వదిలెయ్యండి. నా చేతికి అంతకంటే సన్న పనులే అలవాటు."

"వంట కూడా సరిగ్గా రాదు."

"నాకొచ్చు."

ఆవిడ ఇంకా ఏదో వెతికింది గానీ దొరకలేదు. మొక్కని కిటికీ దగ్గరికి జరిపి, "ఎండ తగలాలా దీనికి?" అని అడిగింది. తగలాలన్నాడు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు బండి తీసుకుని దిగాడు. సామాను వరండాలో సిద్ధంగా ఉంటుందనుకుంటే, మూటలన్నీ విప్పేసి ఉన్నాయి. అల్మరాల్లో దారపుకండెలు రంగుల వరసలో కూర్చున్నాయి. మిషను బల్ల గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుని ఉంది. పక్క నర్సరీ ఆయన దానికి ఒక కొస పట్టుకుని లోపలికి లాగుతున్నాడు.

"ఏంటక్కా ఇది?" అన్నాడు తమ్ముడు.

"చూస్తూ నిలబడతావేంట్రా?" అంది టైలరమ్మ లోపల్నించి. "నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను, నోరు రాలేదు. ఆ రెండో కొస పట్టుకో. మీ బావగారికి నడుము నొప్పి."

తమ్ముడు బావగారి కోసం చుట్టూ చూశాడు. ఎదురుగా ఉన్న ఆ ఒక్క మనిషి తప్ప ఎవరూ లేరు. ఆయన బల్ల వదలకుండానే, ఎర్రబడ్డ మొహంతో, రమ్మన్నట్టు తలూపాడు. తమ్ముడు తాళంచెవులు జేబులో వేసుకుని, వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.