గ్రూమర్‌కి నూటపదహార్లు

వసంతలక్ష్మి ఐదింటికే కాఫీ మెషీన్లు వేసి, గుమ్మం ముందు మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లి వచ్చి, మంచుదారుల్లో తిరిగే బళ్లకి అంటించే ట్రైల్ స్టిక్కర్ల కట్ట విప్పుతోంది. ముగ్గు వేయాల్సిన చోట ఉప్పు చల్లడానికి ఆరు శీతాకాలాల్లో చెయ్యి బాగానే అలవాటు పడింది. యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టిగా, ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లతో, వాటి సాగిపోయిన చేతుల్ని మోచేతుల దాకా మడుచుకుని ఉంటుంది. రోజంతా నిలబడే ఉద్యోగం కాబట్టి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. కౌంటర్ కింద సర్దిపెట్టిన చిన్న సంచీ ఉంది. ఆ సంగతి తమ్ముడికి తెలియదు.

మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న ఈ గ్యాస్ స్టేషన్ తమ్ముడు ఉదయ్‌ది. అతను ఉండేది ట్రాయ్‌లో, ఎనిమిది గంటల దూరం. అక్కకి గ్రీన్‌కార్డు పెట్టి తెచ్చుకున్నాడు, షాపు వెనక గది ఇచ్చాడు, వేళకి జీతం ఇస్తాడు. వంక పెట్టడానికేం లేదు. డ్రైవింగ్ నేర్పించమంటే మాత్రం మంచు కరగనీ అక్కా అంటాడు. మంచు కరిగితే చేపలు పట్టేవాళ్లొస్తారు, వాళ్లు వెళ్తే వేటగాళ్లొస్తారు, వేట ముగిసేసరికి మళ్లీ మంచు. బస్సు ఆగే ఊరు ముప్పై మైళ్లు. కారు నడపడం రాని మనిషికి ఇక్కడ గుమ్మమే పొలిమేర. ఒక్కోరోజు అద్దాల తలుపులోంచి రోడ్డు చూస్తుంటే ఆమెకి ఊపిరాడదు.

ట్రాయ్‌లో సుమతి కర్రీ పాయింట్ పెట్టింది. చిన్నప్పుడు బళ్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. వంటకి రమ్మంది, ఉండటానికి గది ఇస్తానంది, శుక్రవారానికల్లా రాకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదని కూడా చెప్పేసింది. ఇవాళ గురువారం. మధ్యాహ్నం బస్సుకి రేనో దింపుతానన్నాడు.

రేనోకి డెబ్భై ఎనిమిది. భార్య పోయి తొమ్మిదేళ్లు. మంచు మీద నడిపే స్నోమొబైల్ బళ్ల వాళ్లకి ఇక్కడో క్లబ్బుంది, దాని తరఫున రాత్రిళ్లు గ్రూమర్ నడుపుతాడు. గ్రూమర్ అంటే ట్రాక్టర్ లాంటి పెద్ద బండి. వెనక బరువైన ఇనుప చట్రం ఈడ్చుకుంటూ, దమ్ము చేసిన మడిని చదును చేసినట్టు, గతుకులు పడ్డ మంచుదారిని నున్నగా చేస్తుంది.

వచ్చిన మొదటి ఏడు ఈ ముక్క వసంతలక్ష్మికి తెలియదు. కౌంటర్ మీద క్లబ్బు వాళ్ల డబ్బా ఉండేది, ‘మన గ్రూమర్‌కి సాయపడండి’ అని. గ్రూమ్ అంటే పెళ్లికొడుకని ఆమె చదువుకున్న పదో తరగతి ఇంగ్లీషు. ఎవరో లేనివాళ్ల పిల్లాడి పెళ్లి కాబోలు, ఊరంతా కలిసి చేస్తున్నారనుకుంది. కవరు నాలుగు మూలలా పసుపు రాసి, నూటపదహారు డాలర్లు పెట్టి, డబ్బాలో వేసింది. మర్నాడు రేనో ఆ కవరు పట్టుకొచ్చి, వంద సరే, ఈ పదహారేమిటని అడిగాడు. సంగతి తేలాక కౌంటర్‌కి చెరోవైపున నిలబడి ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. అప్పట్నించీ పొద్దున్నే తలుపు తీస్తూ “పెల్లికొడుకు” అని తన రాక తనే చెప్పుకుంటాడు. ఆయనకొచ్చిన తెలుగంతా అదే.

“నువ్వు నాకు చదివింపులు ఇచ్చావు. బాకీ ఉంచుకోను. గురువారం ఎనిమిదింటికి ట్రక్కు తెస్తా, రెడీగా ఉండు,” అన్నాడు మొన్న, ఆయన ఇంగ్లీషులో.

ఎనిమిదయింది. ఎనిమిదిన్నరా అయింది. రాత్రి మంచు బాగా పడి ఉంటుంది, ఇంకో చుట్టు తిరుగుతున్నాడు కాబోలు అనుకుంది.

ట్రాయ్ నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్లు అదితి, ఆర్యన్ స్టిక్కర్ల కోసం వచ్చారు. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలు.

“స్నో మీద వెళ్లడానికి కూడా పే చేయాలా ఆంటీ? ఎవరూ చెక్ చేయరు కదా,” అన్నాడు ఆర్యన్.

“టికెట్టనుకోకు బాబూ, చదివింపనుకో. మీరు నిద్రపోతుంటే ఒకాయన రాత్రంతా మీకు దారి చదును చేస్తాడు. ఆ బండికి డీజిల్ దీన్లోంచే.”

చదివింపంటే ఏమిటని అదితి అడిగింది. పెళ్లిలో పేరు చదివి మరీ ఇచ్చే కానుక అని చెబితే, బావుందని నవ్వి రెండు తీసుకున్నారు. వీళ్ల కారులో వెళ్తేనో అనిపించి, తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగింది. ఆదివారమట.

పదకొండింటికి క్లబ్బు సెక్రటరీ ఐలీ వచ్చింది. టోపీ తీయకుండానే నిలబడి, మెల్లగా చెప్పింది. గ్రూమర్ వంతెన దగ్గర ఆగి ఉందిట. ఇంజను నడుస్తూనే ఉంది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. రేనో సీట్లోనే, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని పోయి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారట. వంతెన దాకా దారి అద్దంలా ఉందని, ఆ తర్వాత అంతా గతుకులేనని చెప్పి ఐలీ కళ్లు తుడుచుకుంది.

వసంతలక్ష్మికి ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇవాళే దొరికిందా నీకు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసి, అప్పుడు ఏడ్చింది. బస్సుకింకా టైముంది. ఐలీకి కారుంది. అయినా ఆయన కూతురికి ఫోన్ చేయాలంటూ కంగారు పడుతున్న మనిషి దగ్గర తన ప్రయాణం మాట ఎత్తడానికి నోరు రాలేదు.

పన్నెండున్నరకి బస్సు వెళ్లిపోయే వేళ ఎవరికో రెండు కాఫీలు, ఒక స్టిక్కర్ ఇచ్చింది. ఉదయ్ ఫోన్ చేసి, వీకెండ్ రష్ ఎక్కువుంటుంది, స్టిక్కర్లు సరిపోతాయా అక్కా అన్నాడు. సరిపోతాయంది. సుమతికి మాత్రం ఫోన్ చేయలేదు.

మూడింటికి ఐలీ మళ్లీ వచ్చింది. చేతిలో ఆడవాళ్ల మంచు బూట్ల జత ఉంది.

“షెడ్డులో ఆయన ట్రక్కు తెరిచాం. పక్క సీటు శుభ్రంగా తుడిచి, మీద ఇవి పెట్టాడు. వాళ్లావిడవి. చీటీ మీద నీ పేరుంది. ఎక్కడికైనా వెళ్తున్నావా?”

“లేదు,” అంది వసంతలక్ష్మి. “ఎక్కడికీ లేదు.”

ఐలీ వెళ్లాక ఆమె వాటిని గుమ్మం పక్కన పట్టా మీద పెట్టి, కౌంటర్ వెనక్కి వచ్చి నిలబడింది. జనం వస్తూ పోతూ వాటిని తప్పుకుని నడిచారు. పాత బూట్లే గానీ నల్లగా పాలిష్ పెట్టి ఉన్నాయి, లోపల కొత్త ఊలు మేజోళ్లున్నాయి, కాళ్లు సులువుగా దూరేట్టు లేసులు ముందే వదులు చేసి ఉన్నాయి.